ఎడమ బ్రష్షులో ఆరు ముక్కలు

మార్చి 3, మంగళవారం

ఫిజియో అమ్మాయి ఈ నోటుబుక్కులో ప్రతి పేజీకీ ఎడమ అంచున ఎర్ర పెన్నుతో గీత గీసి ఇచ్చింది. ముందు ఆ గీత వెతుక్కోవాలట, అక్కడి నుంచి రాయడం మొదలుపెట్టాలట. రోజూ రాయాలట. ఏం రాయాలని అడిగితే, మీకు బాగా తెలిసినదేదైనా రాయండి అంది. నాకు బాగా తెలిసింది బట్ట కత్తిరించడం. దాని గురించి రాస్తే ఏడుపొస్తుంది. కాబట్టి రాయను.

స్ట్రోక్ వచ్చి ఇవాళ్టికి నలభై ఒక్క రోజులు. కాలు పర్లేదు, నడుస్తున్నాను. ఎడమ చెయ్యి బరువు. మాట మామూలే, మునుపటికంటే ఎక్కువే మాట్లాడుతున్నానని మా ఆయన అంటారు. కళ్ళకు ఏ లోపమూ లేదని కంటి డాక్టరు రాసిచ్చాడు. అయినా ఎడమ పక్కన ఏముందో నాకు తట్టదట. ప్లేటులో సగం వదిలేసి, పెట్టింది ఇంతేనా అని అడుగుతానట. ఇవన్నీ వాళ్ళు చెప్పే మాటలు. నాకైతే లోకం నిండుగానే కనిపిస్తోంది.

మార్చి 4, ఉదయం

ఎర్ర గీత లేదు. ఎవరో చెరిపేశారు.

మార్చి 4, సాయంత్రం

ఉంది. ఎవరూ చెరపలేదు.

మార్చి 6, శుక్రవారం

ఓనరమ్మ చూడ్డానికి వచ్చింది. పళ్ళు తెచ్చింది. పళ్ళు తెచ్చినప్పుడే అనుమానం వచ్చింది నాకు.

ఆమె యూనిట్‌లో పంతొమ్మిదేళ్ళుగా కటింగ్ మాస్టర్‌ని నేను. ఆస్పత్రులకూ ల్యాబ్‌లకూ తెల్ల కోట్లు కుడతాం. ఈ ఊళ్ళో ఏ డాక్టరు ఎదురొచ్చినా ముందు భుజాల కుట్టు చూస్తాను, మొహం తర్వాత. ఇప్పుడు నా టేబుల్ దగ్గర ఒక కొత్త మాస్టర్ ఉన్నాడట. టెంపరరీ అంది. ఆ మాట మూడుసార్లు అంది. ఒక్కసారి అని ఉంటే నమ్మేదాన్ని.

ఇరవై ఏడో తారీఖున ట్రయల్ పెడుతుందట. ఒక్క కోటు, నా అంతట నేను, మొదటి నుంచి చివరి దాకా కట్ చేయాలి. సరిగ్గా వస్తే నా టేబుల్ నాది. రాకపోతే ఫినిషింగ్‌లో కూర్చోవచ్చట. అంటే కుట్టిన కోట్లకు వేలాడే దారాలు కత్తిరించడం. కూర్చుని చేసే పని, శ్రమ ఉండదు అంది. నా కత్తెర పట్టిన చేతికి దారాలు కత్తిరించే పని. ఒళ్ళు మండిపోయింది. పళ్ళు ముట్టుకోలేదు.

మార్చి 7, శనివారం

నా బుర్రకు ఏమీ కాలేదని రుజువు చేస్తాను. బట్ట గురించి రాయనన్నాను కదా, నాకు బాగా తెలిసిన రెండోది రాస్తాను. యూనిట్‌లో కరెంటు పోయినప్పుడల్లా ఇస్త్రీ మాస్టరూ నేనూ ఆడే పేకాట.

ఆట ఇద్దరిది. మూడో మనిషి అక్కర్లేదు, ఉంటే నోరు మూసుకుని కూర్చోవాలి. యాభై రెండు ముక్కలు, జోకర్లు తీసేయాలి. బాగా కలిపి చెరి పదమూడు పంచాలి. మిగిలిన ఇరవై ఆరు మధ్యలో బోర్లించి, పైముక్క ఒక్కటి తిప్పి పెట్టాలి. ఆ తిప్పిన ముక్క ఏ జాతో, ఆ ఆటకు అదే తురుపు. ఆఠీను తిరిగితే ఆట అయ్యేదాకా ఆఠీనే తురుపు.

పంచనివాళ్ళు ముందు ఒక ముక్క వేస్తారు. ఎదుటివాళ్ళు అదే జాతి ముక్క వేయాలి. చేతిలో ఆ జాతి ఉంటే వేసి తీరాలి, ఇందులో బేరాల్లేవు. లేకపోతేనే తురుపుతో కొట్టొచ్చు, లేదా పనికిరాని ముక్క ఏదైనా పారేయొచ్చు. ముందు పడిన జాతిలో పెద్ద ముక్కది పట్టు. తురుపు పడితే తురుపుది. ఆసు అన్నిటికన్నా పెద్దది, తర్వాత రాజు, రాణి, జాకీ, అలా దిగుతూ రెండు దాకా. పట్టు ఎవరిదైతే తర్వాతి ముక్క వాళ్ళే ముందు వేయాలి.

పట్టు గెలిచినవాళ్ళకు మధ్యలో తిప్పి ఉన్న ముక్క దక్కుతుంది. ఓడినవాళ్ళు దాని కింద బోర్లించి ఉన్నది తీసుకుంటారు, అదేమిటో వాళ్ళకు తప్ప ఎవరికీ తెలియదు. తర్వాత ఇంకో ముక్క తిప్పాలి. ఒకటి వేసి ఒకటి తీసుకుంటాం కాబట్టి చేతిలో ఎప్పుడూ పదమూడే. అలా పదమూడు పట్లకు మధ్యలో కట్ట ఖాళీ. ఈ పట్లు లెక్కలోకి రావు, చేతిని బాగుచేసుకోవడానికే ఇవి. అసలు ఆట అప్పుడు మొదలవుతుంది. చేతిలో ఉన్న పదమూడు ముక్కలతో పదమూడు పట్లు. ఇక తీసుకోవడం లేదు, వేయడమే. ఏడు పట్టినవాళ్ళు గెలిచినట్టు.

ఇందులో ఒక్క తప్పుంటే చూపించమనండి. నా బుర్ర బాగాలేదట.

మార్చి 8, ఆదివారం

మా ఆయన లిఫ్టు మెకానిక్. దేనికైనా ఒక ఏర్పాటు చేస్తేగాని నిద్రపట్టని మనిషి. నా ఎడమ చెయ్యి ముక్కలు పట్టదని, బట్టలుతికే బ్రష్షులు రెండు కొత్తవి కొనుక్కొచ్చారు. బ్రష్షును వెల్లకిలా పెట్టి వెంట్రుకల మధ్య ముక్కలు గుచ్చితే చక్కగా నిలబడతాయి. ఒకదాంట్లో ఏడు, ఒకదాంట్లో ఆరు. రెండూ ఆయనే సర్దిపెట్టారు.

ఆడాను. గెలిచాను. తొమ్మిది పట్లు నావి.

మార్చి 11

వరసగా ఆరు ఆటలు నావే. మా ఆయన మొహంలో ఓడినవాడి బాధ లేదు. ఆయనకు పేకాటంటే శ్రద్ధ లేదు, అందుకే అనుకున్నాను. ఫిజియో అమ్మాయికి గొప్పగా చెప్పాను. ఓనరమ్మకు కూడా ఫోన్ చేసి చెప్పాను, ఇరవై ఏడో తారీఖు దాకా ఎందుకు, రేపే పెట్టండి అని. తొందర లేదు మాస్టర్ అంది.

మార్చి 12, గురువారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

మా ఆయన అక్క వచ్చింది. నాకు వదిన. ఎదురుగా మీరు అనే అంటాను, డైరీలో అంత మర్యాద నా వల్ల కాదు. సిటీ బస్సుల్లో టికెట్ చెకింగ్ చేస్తుంది, ఇరవై రెండేళ్ళుగా. బస్సెక్కితే జనం వాళ్ళంతట వాళ్ళే జేబులు తడుముకునే రకం మొహం. మా పెళ్ళినాటి నుంచీ ఆమెకూ నాకూ పొసగదు. మధ్యాహ్నం డ్యూటీ దిగి వస్తాను, రోజూ రెండు గంటలు నీ దగ్గర కూర్చుంటాను, నా తమ్ముడు పనికి పోవాలి కదా అంది. నా కోసం కాదని ముందే తేల్చి చెప్పింది. పేకాట వచ్చా అని అడిగాను. వాళ్ళ రెస్ట్ రూమ్‌లో ఇదే ఆట ఆడతారట.

ముక్కలు ఆమే గుచ్చింది, వీపులు తన వైపు ఉండేట్టు, చూడకుండా. బ్రష్షులు నా ముందు నిటారుగా పక్కపక్కన పెట్టింది. మొదలుపెట్టాం. మొదటి సగమంతా ఏదోలా గడిచింది. మధ్యలో కట్ట ఖాళీ అయింది. రెండో సగంలో ఏడు పట్లు ఆడాక నా ముక్కలు అయిపోయాయి. ఆట అయిపోయింది వదినా, మీ చేతిలో అవేంటి, ఎక్కువ తీసుకున్నారా అని అడిగాను. దొంగాట ఆడుతోందనే అనుకున్నాను, సంతోషం కూడా వేసింది.

ఆమె తన ముక్కలు బల్ల మీద బోర్లించింది. తర్వాత అంది: "నీ ఎడమ పక్కన ఇంకో బ్రష్షుంది."

లేదన్నాను. నా కుడి చెయ్యి పట్టుకుని, బల్ల మీద జరుపుతూ తీసుకెళ్ళి ఆనించింది. చేతికి తగిలాక కనిపించింది. ఆరు ముక్కలు, పంచినవి పంచినట్టు. అందులో ఇస్పేటు ఆసు. అందులో తురుపు రాజు, రాణి. ఆట మొదలైనప్పటి నుంచీ అవి నా ముందే ఉన్నాయి. చేతిలో ఎప్పుడూ పదమూడే అని రాసిందాన్ని, ఏడింటితో ఆడుతూ కూర్చున్నాను.

మరి మా ఆయనతో ఆరు ఆటలెలా గెలిచానని అడిగాను. నాకు తెలియదు, వాణ్ణే అడుగు అంది.

మార్చి 12, సాయంత్రం

అడిగాను. రెండు బ్రష్షులూ నా కుడి పక్కకే జరిపి పెట్టేవారట. అయినా నేను చూడని ముక్కలుంటే, ఉన్న జాతి కాదని ఇంకోటి వేస్తే, చూసీ చూడనట్టు ఊరుకునేవారట. తన ఆసులు తనే లెక్కలోకి రాని మొదటి పట్లకే పారేసుకునేవారట. నువ్వు గెలిచినప్పుడు నీ మొహం చూడాలనిపించింది అన్నారు.

ఆ మాటకు కరిగిపోవాల్సింది. కరగలేదు. మీరు నాతో ఆడలేదు, నన్ను ఆడించారు అన్నాను. ఆ మాట ఆయనకు గట్టిగా తగిలింది. తగలాలనే అన్నాను.

మార్చి 13

మాటల్లేవు.

మార్చి 14, శనివారం

వదిన కొత్త రూలు పెట్టింది. జాతి ఉండీ వేయకపోతే, అది తర్వాత బయటపడితే, రెండు పట్లు జరిమానా. వాళ్ళ రెస్ట్ రూమ్‌లో అంతేనట. ఇవాళ మూడుసార్లు పట్టుకుంది. కళావరు లేదని తురుపుతో కొట్టాను, నాలుగు పట్ల తర్వాత నా చేతిలోంచే కళావరు పది దిగింది. నా పట్లలోంచి రెండు తీసి తన పక్కన పెట్టుకుంది. తిట్టినా బాగుండేది.

పదమూడూ ఆమెవే. గుండు సున్నా.

ఆమె వెళ్ళాక ఏడ్చాను. ఆమె ఎదురుగా మాత్రం ఇంకో ఆట పంచమన్నాను.

మార్చి 16, సోమవారం

దొరికింది. కళ్ళను నమ్మకూడదు. కళ్ళు అబద్ధం చెబుతున్నాయి, అదీ ఎంతో ధీమాగా. వేలిని నమ్మాలి.

బట్ట చీకట్లో చూపించినా వేలితో తడిమి నూలో పాలిస్టరో చెప్పేదాన్ని నేను. ఇప్పుడు ముక్క వేసే ముందు ప్రతిసారీ కుడి చూపుడు వేలు కుడి చివరి ముక్క మీద పెట్టి, ఎడమకు జరుపుతూ లెక్కపెడుతున్నాను. పదమూడు వచ్చేదాకా వేలు ఆపను, రెండో సగంలో పట్టుకొకటి తగ్గించి. పదకొండు దగ్గర ఇక ఏమీ లేదనిపిస్తుంది. బల్ల అక్కడితో అయిపోయిందనిపిస్తుంది. అయినా తోస్తాను. ఖాళీలోకి చెయ్యి పెడుతున్నట్టుంటుంది. పన్నెండు తగులుతుంది. పదమూడు తగులుతుంది.

ఒక్కో పట్టుకు రెండు నిమిషాలు పడుతోంది. వదిన చేతి వాచీ చూసుకుంటుంది గాని తొందరపెట్టదు. జరిమానా ఒక్కసారే పడింది. పది - మూడు. మూడు నావి.

మార్చి 18

ఓడిపోవడం కూడా ఒక ఎత్తే. ఇది ముందు రాసినప్పుడు మర్చిపోయాను. మధ్యలో తిప్పి ఉన్న ముక్క పనికిమాలినదైతే ఆ పట్టు గెలవకూడదు. ఇవాళ డైమండు మూడు తిరిగింది. వదిన కళావరు తొమ్మిది వేసింది. నా దగ్గర కళావరు రాజు ఉంది, నాలుగూ ఉంది. నాలుగు వేసి ఓడిపోయాను. మూడు ఆమె నెత్తిన పడింది. కింద ఉన్నది నాకొచ్చింది, తురుపు ఆసు. నా మొహం చూసి ఆమెకు అర్థమైపోయి ఉంటుంది. ఇస్త్రీ మాస్టరు ఎప్పుడూ అనేవాడు, నీ మొహం ఇస్త్రీ చేయలేనమ్మా, అన్నీ కనబడిపోతాయని.

ఏడు - ఆరు. ఓడింది నేనే. ఒక్క పట్టుతో.

ఫిజియో అమ్మాయి అడిగితే ఓడిపోయానని చెప్పాను. గెలిచానన్న రోజుకంటే గట్టిగా చెప్పాను.

మార్చి 22, ఆదివారం

వదిన ఒక విషయం చెప్పింది. దాచడం ఆమెకు రాదు. మా ఆయన ఓనరమ్మకు ఫోన్ చేశారట. ట్రయల్ రోజు కొంచెం చూసీ చూడనట్టు పోనివ్వండి, మనసు విరిగిపోతుంది అని బతిమాలారట. ఆమె సరేనందట. ముందు తీసుకుంటుందట, ఒక నెల చూసి మెల్లగా ఫినిషింగ్‌కి మారుస్తుందట.

నాకు చెప్పకుండా నా మీద ముగ్గురు కూడబలుక్కున్నారు. ముగ్గురు కాదు, ఇద్దరే. మూడో మనిషి వచ్చి నాకు చెప్పేసింది. తమ్ముడి మీద చెప్పడానికి మనసెలా ఒప్పింది వదినా అని అడిగాను.

"టికెట్ లేనివాణ్ణి పోనీలే అని ఒకసారి వదిలేస్తే, తర్వాతి స్టాపులో ఇంకొకరు దించేస్తారు. దించేదేదో ముందే దించితే, దిగి టికెట్ కొనుక్కుని మళ్ళీ ఎక్కుతాడు." ఇంత పొడుగు మాట ఆమె నోట ఎప్పుడూ వినలేదు. తర్వాత ముక్కలు పంచింది.

ఫోన్ చేసి ఓనరమ్మను కడిగేద్దామనుకున్నాను. చేయలేదు. ట్రయల్‌లో చూసుకుంటాను.

మార్చి 24

ఎనిమిది - ఐదు. నేను గెలిచాను. జరిమానాల్లేవు. వదిన ముక్కలన్నీ దగ్గరికి తీసుకుని యాభై రెండూ ఉన్నాయో లేవో లెక్కపెట్టింది. ఉన్నాయి. ఇంకోటి ఆడదాం అంది. వద్దన్నాను, టీ పెట్టమన్నాను. పెట్టింది.

మార్చి 27, శుక్రవారం

ఫెయిలయ్యాను. ఎలా అయ్యానో మొత్తం రాస్తాను.

తొమ్మిదిన్నరకు వెళ్ళాను. వదిన లీవు పెట్టి వెంట వచ్చి, లోపలికి రాకుండా గేటు దగ్గర నిలబడింది. నా టేబుల్ ఎప్పటిలాగే పొడుగ్గా గోడ పక్కనే ఉంది, ఎడమ చివర మూలకు ఆనుకుని. ఒక్క కోటే కాబట్టి బట్ట ఒకే పొరగా పరిచారు. పది ముక్కలు రావాలి. వీపు ఒకటి, ముందు భాగాలు రెండు, చేతులు రెండు, కాలర్ రెండు, జేబులు మూడు. చాక్ పట్టుకోగానే పంతొమ్మిదేళ్ళూ చేతిలోకి వచ్చేశాయి. బట్ట కదలకుండా ఇనుప బాట్లు పెట్టాను. కత్తెర ఎక్కడా ఆగలేదు. ఆ ఆనందంలో వేలు సంగతి మర్చిపోయాను. అయిపోయింది మేడం అన్నాను.

ఓనరమ్మ వచ్చి చూసింది. బాగుంది మాస్టర్, సోమవారం నుంచి రండి అంది. కొత్త మాస్టర్ టేబుల్ ఆ చివరికి చూశాడు. ఓనరమ్మ వెంటనే అతన్ని చూసింది. అతను తల దించుకున్నాడు. ఆ మొహాలు నాకు తెలుసు. ఆరు ఆటలు చూశాను అలాంటి మొహం.

అప్పుడు వేలు పెట్టాను. తొమ్మిది వచ్చాయి. ఇక ఏమీ లేదనిపించింది. తోశాను. టేబుల్ మీద సగం ఒరిగిపోయి, గోడ మూల తగిలేదాకా చెయ్యి జరిపాను. గజం పైన బట్ట, ఒక్క చాక్ గీత లేకుండా తెల్లగా ఉంది. కోటుకు ఎడమ చెయ్యే లేదు.

వాళ్ళు ఊరుకున్నారు. సోమవారం రమ్మన్నారు. ఒప్పుకుని ఇంటికి వచ్చేయొచ్చు, నాకూ తెలియనట్టే ఉండొచ్చు. ఆ క్షణంలో ఆశ పుట్టలేదని రాస్తే అబద్ధం.

"తొమ్మిదే ఉన్నాయి మేడం. మీరు చూశారు. చూసి బాగుందన్నారు. ఇవాళ నేను ఫెయిల్, అలాగే రాసుకోండి. ఈ టేబుల్ గోడ దగ్గర్నుంచి జరిపించండి. చుట్టూ తిరిగే చోటివ్వండి, అటు తిరిగితే ఎడమది కుడికి వస్తుంది. సోమవారం ఇంకో కోటు కట్ చేస్తాను. ఒక్క ముక్క తగ్గితే దారాలు కత్తిరించడానికి నేనే వెళ్ళి కూర్చుంటాను."

పైన లైట్లు ఉన్నాయి, టేబుల్ జరిపితే నీడ పడుతుంది అన్నాడు కొత్త మాస్టర్. లైట్లూ జరపండి అన్నాను. ఓనరమ్మ ఆలోచించి చెబుతానంది. సరే అని చెప్పి, టేబుల్ మీద బోర్లా ఒరిగి, ఆ ఎడమ చెయ్యి కట్ చేసి ఇచ్చి వచ్చాను. వంకర లేదు.

గేటు దగ్గర వదిన ఏమైందని అడిగింది. చెప్పాను. రెండు పట్లు జరిమానా అంది. నవ్వొచ్చింది, రోడ్డు మీద.

మార్చి 28, శనివారం

మా ఆయనకు చెప్పాను, ఫోన్ సంగతి తెలుసని కూడా. ఆయన బ్రష్షులు తెచ్చి నా ముందు నిటారుగా పెట్టి పంచారు. రెండో సగంలో ఒకసారి నేను ఆఠీను ఉండీ తురుపు వేశాను. ఆ ఆఠీను బయటపడగానే ఆయన చెయ్యి గాల్లో ఆగిపోయింది. రెండు పట్లు తీసుకోనా అని అడిగారు.

అడగకండి, తీసుకోండి అన్నాను. తీసుకున్నారు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకు మాత్రం పెళ్ళయ్యాక మొదటిసారి ఎదురుగా కూర్చున్న మనిషితో ఆడుతున్నట్టు అనిపించింది. ఓడిపోయాను. చాలా బాగా ఓడిపోయాను.

మార్చి 29

ఫోన్ రాలేదు. రాకపోయినా రేపు వెళ్తాను.

మార్చి 30, సోమవారం, మధ్యాహ్నం, టేబుల్ మీదే రాస్తున్నాను

జరిపారు. నలుగురు పట్టారు, నేనూ ఎడమ చెయ్యి వేశాను. అదేమీ మోయలేదు. కొత్త మాస్టర్ నిచ్చెనెక్కి లైట్లు మార్చాడు. చుట్టూ తిరుగుతూ కట్ చేశాను. ఓనరమ్మ లెక్కపెట్టి పది అంది. అటు పక్క నుంచి వచ్చి ఇంకోసారి లెక్కపెట్టమన్నాను. వచ్చి, ఒక్కో ముక్క మీదా వేలు పెట్టి లెక్కపెట్టింది. పదీ ఉన్నాయి.